శుక్లం ఆపరేషన్ తరువాత పైలట్ కన్ను: ఇంటి మంచం నుంచి కాక్‌పిట్ దాకా

శుక్లం ఆపరేషన్ బల్ల మీద పట్టేది పావుగంటో, అరగంటో. మర్నాడు పట్టీ తీయగానే గోడ మీద క్యాలెండర్ అంకెలు తేటగా కనబడితే పని అయిపోయిందనుకుంటారు. ఇంటి పనికి, పేపరు చదవడానికి అది చాలు. రాత్రిపూట వానలో రన్‌వే దీపాలు చూసి విమానం దించాల్సినవాళ్ళకు చాలదు. అక్షరాల చార్టులో 6/6 చదివిన కన్నే చీకట్లో దీపం చుట్టూ వలయం చూడొచ్చు, రెండు కళ్ళ పవర్లు కలవక ఎత్తును తప్పుగా అంచనా వేయొచ్చు. విమానాలు నడిపే ఉద్యోగాల్లో ఉండి, ఆపరేషన్ తరువాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సొంతిళ్ళకు వచ్చి కోలుకునేవారికి, వారిని చూసుకునే ఇంట్లోవాళ్ళకు పనికొచ్చేలా ఈ దారి మొదటి నుంచి రాస్తున్నాం.

ముందే చెప్పాల్సిన మాట: సగం ఫలితం ఆపరేషన్‌కి ముందే తేలిపోతుంది. అందుకే అక్కడి నుంచే మొదలు.

ఆపరేషన్‌కి ముందు: లెన్స్ నిర్ణయం

డాక్టరుతో మొదటి మాటే "నేను పైలట్‌ని" అని ఉండాలి. ఆ ఒక్క మాటతో లెన్స్ ఎంపిక మారిపోతుంది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి మెడికల్‌కి (ఉద్యోగంగా విమానం నడిపేవారి ఆరోగ్య పరీక్షకి) దూరపు చూపు ఒక్కో కంటికీ విడిగా 6/9 (మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) లేదా అంతకంటే మెరుగ్గా, రెండూ కలిపి 6/6 లేదా మెరుగ్గా ఉండాలి. కళ్ళజోడుతో వచ్చినా సరే. రెండో తరగతికి, అంటే సొంతానికి నడిపే ప్రైవేటు పైలట్లకు, ఒక్కో కన్ను 6/12, రెండూ కలిపి 6/9. దగ్గర చూపుకి 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య దగ్గర చూపు చార్టులో ఎన్5 అనే చిన్న అక్షరం చదవాలి. మొదటి తరగతికి 100 సెంటీమీటర్ల దూరంలో అంతకంటే పెద్దదైన ఎన్14 కూడా. వీటన్నిటికీ ఒకే కళ్ళజోడు సరిపోవాలి, అదే పవరుతో ఇంకో జత చేతికందే దూరంలో ఉండాలి.

ఈ లెక్క పక్కన పెట్టుకుని లెన్సులు చూడండి.

మోనోఫోకల్ లెన్స్ ఒకే దూరానికి పనిచేస్తుంది. రెండు కళ్ళకూ దూరానికే పెట్టించుకుని, ప్యానెల్‌కీ చదువుకీ జోడు పెట్టుకోవడం పైలట్‌కి అన్నిటికంటే నమ్మదగ్గ దారి. చీకట్లో వెలుగు చెదరడం ఇందులోనే తక్కువ.

కార్నియాలో (కంటి ముందరి పారదర్శక పొరలో) వంకర ఎక్కువుంటే, అంటే సిలిండర్ పవర్ ఉంటే, టోరిక్ మోనోఫోకల్ మంచిది. అయితే అది కంట్లో సరైన కోణంలోనే నిలవాలి. 1 డిగ్రీ తిరిగితే దిద్దుబాటులో సుమారు 3 శాతం పోతుంది. 10 డిగ్రీలు తిరిగితే మూడో వంతు, 30 డిగ్రీలైతే మొత్తం పోయినట్టే. ఈ తిరగడం ఎక్కువగా మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో జరుగుతుంది. టోరిక్ వేయించుకున్నాక చూపు ఏటవాలుగా సాగినట్టుంటే వారం ఆగకుండా చెప్పాలి. తొలి వారాల్లో దాన్ని మళ్ళీ సరిచేయడం తేలిక, ఆలస్యమైతే లెన్స్ చుట్టూ ఉన్న పొర దానికి అతుక్కుపోతుంది.

మల్టీఫోకల్ లెన్స్ జోడు లేకుండా అన్నీ చూపిస్తుందని ఆశ పెడతారు. అది వచ్చే వెలుగును రెండు మూడు దూరాలకు పంచుతుంది. పంచినప్పుడు ఒక్కో దూరానికీ కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, తగ్గుతుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు పడతాయి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. ఈ లెన్సులకు 3 నెలల సర్దుబాటు సమయం అడిగేది ఇందుకే. రాత్రి ల్యాండింగులు చేసేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. తేటగా కనబడే దూరాన్ని కొంత సాగదీసే ఈడాఫ్ లెన్సులు కొంత నయం, కానీ వలయాలు అసలు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరికి పెట్టే మోనోవిజన్ పైలట్‌కి అస్సలు వద్దు. పైన చెప్పిన "ఒక్కో కంటికీ విడిగా 6/9" అన్న లెక్కే జోడు లేకుండా తప్పిపోతుంది, పైగా ఎత్తు అంచనా దెబ్బతింటుంది.

కంట్లో అద్దం పెట్టొచ్చన్న ఆలోచనకి మూలం పైలట్ల కళ్ళే. 1940లో యుద్ధవిమానం కాక్‌పిట్ మీది పారదర్శక కప్పు పగిలి పెర్స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్న బ్రిటిష్ పైలట్ గోర్డన్ క్లీవర్ వంటివారి కళ్ళను పరిశీలించిన డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, ఆ ముక్కలను కన్ను తిరస్కరించడం లేదని గమనించారు. 1949 నవంబరు 29న లండన్‌లో మొదటి కృత్రిమ లెన్స్ అమర్చారు.

కొలతల రోజు

లెన్స్ పవరు తేలేది కంటి పొడవు, కార్నియా వంపు కొలతల మీద. కంటి పొడవు కొలతలో 1 మిల్లీమీటరు తేడా వస్తే చివరి పవర్‌లో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (లెన్స్ పవర్ కొలిచే ప్రమాణం) తేడా వస్తుంది. అందుకే కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మెత్తనివైతే కనీసం వారం ముందు, గట్టివైతే 3 వారాల ముందు మానేయాలి. కన్ను పొడిగా ఉంటే వంపు కొలత తప్పుతుంది. ముందు చుక్కలతో పొడి తగ్గించి తరువాతే కొలిపించాలి. రెండు వేరు వేరు రోజుల్లో తీసిన కొలతలు కలిస్తే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు.

మాత్రల చిట్టా దాచకండి. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడితే, ఎప్పుడో మానేసినా సరే, చెప్పండి. దాని వల్ల ఆపరేషన్ మధ్యలో కనుపాప కండరం జారి ముడుచుకుంటుంది. ముందు తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటు చేసుకుంటారు. రక్తం పలచబరిచే మందులు సొంతంగా మానేయకూడదు, వాటి గురించి కూడా చెప్పాలి.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్ళకు ఇంకో మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, చాలామందికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) ఎక్కువున్న సంగతే తెలియదు. కంటి ఒత్తిడి దించడానికి ఇచ్చే అసిటజొలమైడ్ మాత్ర, అంటే డయామాక్స్, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ప్రమాదం. నొప్పికి వేసుకునే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలూ అంతే. క్రియాటినిన్ పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సెలవు లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఆపరేషన్ అయిన పైలట్ మళ్ళీ ఫిట్ అనిపించుకునే దాకా లైసెన్సు వాడకూడదు. ఆరోగ్యంలో తగ్గుదల తెలిసి కూడా ఎగరకూడదన్నది ప్రపంచమంతా ఉన్న నియమం. ఎన్ని వారాలు ఆగాలో, మల్టీఫోకల్ వేయించుకుంటే ఏం అడుగుతారో మీ మెడికల్ ఎగ్జామినర్‌ని కత్తి పెట్టకముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

చుక్కల మందు వేసే పద్ధతి

చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను చూపుడు వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. సీసా మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకుండా ఒక్క చుక్క అందులో వదలాలి. కన్ను సుమారు 30 మైక్రోలీటర్లే పట్టుకోగలదు, ఒక చుక్కే అంతకంటే ఎక్కువ. రెండో చుక్క వేస్తే చెంప మీదికే పోతుంది. కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచితే మందు ముక్కులోకి, గొంతులోకి దిగిపోదు. రెండు మందుల మధ్య కనీసం 5 నిమిషాలు. వెంటనే వేస్తే మొదటిదాన్ని రెండోది కడిగేస్తుంది.

సాధారణంగా రాసేవి ఇవి: మాక్సిఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ రోజుకు 4 సార్లు, ఒకటి రెండు వారాలు. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం స్టెరాయిడ్, మొదటి వారం రోజుకు 6 సార్లు, తరువాత వారానికొకటి చొప్పున తగ్గిస్తూ 6 వారాలకు ఆపడం. షుగర్ ఉన్నవారికి వాపు తగ్గించే నెపాఫెనాక్ చుక్కలు కూడా కలుపుతారు. మీ చీటీలో డాక్టరు రాసిన లెక్కే ఖాయం. ప్రెడ్నిసొలోన్ తెల్లటి మందు, అడుగున పేరుకుంటుంది. ప్రతిసారీ సీసా బాగా కలిపి వేయకపోతే మొదట్లో నీరు, చివర్లో చిక్కని మందు పడుతుంది.

కన్ను ఎర్రగా లేదు కదా అని స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే వాపు తిరగబెడుతుంది. బాగుంది కదా అని నెలల తరబడి కొనసాగిస్తే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన సంగతి నొప్పితో తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. తెరిచిన సీసాను నెల దాటాక పారేయాలి. మూత తీసిన తేదీ సీసా మీద రాసి పెట్టండి. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన మందు వేయకండి.

మొదటి వారం ఇంట్లో

రాత్రి పడుకునేటప్పుడు ప్లాస్టిక్ కవచం తప్పదు. నిద్రలో కన్ను నలపడం ఎవరి చేతిలోనూ ఉండదు. ఆపరేషన్ కానివైపు తిరిగి పడుకోవాలి. పగలు నల్ల కళ్ళజోడు గాలి, దుమ్ము ఆపుతుంది.

తలస్నానం వారం పాటు వద్దు. ముఖాన్ని తడి గుడ్డతో తుడుచుకోవాలి. తరువాత తల కడగాలంటే మంగలి షాపులో మాదిరి వెనక్కి వాలి, ఇంకొకరు నీళ్ళు పోస్తే మంచిది. చెరువు, నాగావళి, వంశధార, సముద్రం నెల రోజులు వద్దు. ధ్వని తరంగాలతో శుక్లాన్ని కరిగించి తీసే ఫేకో ఆపరేషన్‌లో కోత రెండు మూడు మిల్లీమీటర్లే, కుట్టు లేకుండానే అతుక్కుంటుంది. చేత్తో చేసే చిన్న కోత ఆపరేషన్‌లో ఆరేడు మిల్లీమీటర్లుంటుంది. అందుకని బరువులు ఫేకో వారు 2 వారాలు, కోత పెద్దదైనవారు నెల ఎత్తకూడదు. మలబద్ధకం, దగ్గు ఉంటే ముందే మందు తీసుకోండి, ముక్కితే కన్ను మీద ఒత్తిడి పడుతుంది.

పథ్యం గురించి పెద్దవాళ్ళు గట్టిగా అంటారు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, చేప వద్దు అని. ఆధారం లేదు. మామూలు అన్నం, కూర, పప్పు, చేప అన్నీ తినొచ్చు. షుగర్ ఒక్కటే అదుపులో ఉండాలి. కంట్లో ఆముదం, తేనె, తల్లిపాలు, కాటుక ఏదీ వేయకూడదు. ప్రేమతోనే వేస్తారు, కానీ కోత ఇంకా మూసుకుంటున్న కంట్లోకి అది సూక్ష్మక్రిములను పిలవడమే.

ఈ నేలకు తగిన జాగ్రత్తలు మరికొన్ని. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి పిక్కలు కాల్చే పొగ, పిక్క నూనె కంటికి తగలకూడదు. నూర్పిడి రోజుల్లో కళ్ళం దగ్గర నిలబడకండి, వడ్ల ముల్లు గీరితే బూజు పుండు పట్టే ప్రమాదముంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం ఈ ఆరు వారాల్లో పడితే జనం మధ్యకు వద్దు, అరటిపళ్ళు విసిరే చోట కన్ను ఆపరేషన్ అయినవారు నిలబడటం మంచిది కాదు.

రథసప్తమి మరీ జాగ్రత్త. అరసవల్లి సూర్యనారాయణ స్వామిని కళ్ళ కోసం మొక్కుకునే జిల్లా ఇది. స్వామి దర్శనానికి అడ్డు లేదు. కానీ జిల్లేడు ఆకులు తలమీద పెట్టుకుని స్నానం చేస్తే ఆకు తుంచినచోట కారే పాలు కంట్లోకి జారతాయి. జిల్లేడు పాలు కార్నియా లోపలి పొరను దెబ్బతీస్తాయి. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. ఎవరి కంట్లో పడినా వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆపరేషన్ అయిన ఏడాది ఆకులు లేకుండా స్నానం చేయండి, సూర్యుణ్ణి నేరుగా చూడకండి.

ఏవి మామూలు, ఏవి ప్రమాదం

మొదటి రోజుల్లో ఇసుక రేణువు ఉన్నట్టు గరగర, కొంచెం నీరు కారడం, వెలుగు ఎక్కువనిపించడం మామూలే. రంగులు మారినట్టుంటాయి, ముఖ్యంగా నీలం మరీ నీలంగా కనబడుతుంది. పసుపు పట్టిన పాత కటకం పోయింది గనక. పొద్దున్నే మసకగా ఉండి మధ్యాహ్నానికి తేటపడితే కార్నియా ఇంకా నీరు వదులుతోందని. వారం రెండు వారాల్లో తగ్గాలి. చెవి వైపు నల్ల నెలవంకలా నీడ కనబడితే అది లెన్స్ అంచు పని, చాలామందికి నెలల్లో మరుగున పడుతుంది.

ప్రమాదమైనవి ఇవి. నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడి, చూపు తగ్గుతుంటే కంటి లోపల ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. ఎక్కువగా 2 నుంచి 7 రోజుల మధ్య వస్తుంది, అరుదే గానీ గంటలు లెక్క. ఆ రాత్రే బయలుదేరాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మొదటి పరీక్ష చేయించి, కంటి లోపల ఇంజెక్షన్ ఇవ్వగల చోటికి వెళ్ళాలి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైనే, అటువైపు వాళ్ళకు బరంపురం దగ్గర. ఆపరేషన్ చేసిన సర్జన్ రాత్రి ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళ దగ్గరా ఉండాలి.

మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు నీడ, ఇవి రెటీనా (కంటి వెనుక గోడ మీది చూపు పొర) ఊడుతున్న గుర్తులు. పైలట్‌కి ఇందులో ఇంకో సంగతి ఉంది. రెటీనా అతికించడానికి కంట్లో గ్యాస్ నింపితే అది పూర్తిగా పోయే దాకా ప్రయాణికుడిగా కూడా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ఒత్తిడి పెరిగిపోతుంది. మామూలు శుక్లం ఆపరేషన్‌కి ఈ బాధ లేదు.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, బాగుపడిన చూపు మళ్ళీ మధ్యలో మసకబారితే మాక్యులాలో (రెటీనా నడిమి భాగంలో) నీరు చేరిందేమో చూపించాలి. దీన్ని ఇంట్లో పట్టే పద్ధతి సులువు. లెక్కల గళ్ళ కాగితం మధ్యలో చుక్క పెట్టి, ఒక్కో కన్నూ మూసి చుక్కనే చూడండి. గీతలు వంగితే గాని, గళ్ళు మాయమైతే గాని రెటీనా పొరలను చూపే ఓ.సి.టి. స్కాన్ చేయించాలి.

ఇంకో పరీక్ష: అట్టముక్కకు 1 మిల్లీమీటరు రంధ్రం పెట్టి అందులోంచి దూరపు అక్షరం చూడండి. రంధ్రంలోంచి తేటగా కనబడితే లోపం పవర్‌ది, జోడుతో సరిపోతుంది. కనబడకపోతే లోపం కార్నియాదో, లెన్స్ వెనుక పొరదో, రెటీనాదో. జోడు మార్చి లాభం లేదు, డాక్టరు చూడాలి.

నాలుగో వారం నుంచి: పవర్, కళ్ళజోడు

ఫేకో అయితే నాలుగు నుంచి ఆరు వారాలకు, కోత పెద్దదైతే ఆరు నుంచి ఎనిమిది వారాలకు పవర్ నిలుస్తుంది. ముందే జోడు చేయించుకుంటే డబ్బు వృథా. రెండో కంట్లోనూ శుక్లం ఉంటే అది కూడా చేయించాకే మెడికల్‌కి వెళ్ళడం తెలివైన పని. ఒక కన్ను పవర్ సున్నా, రెండోది మైనస్ 4 ఉంటే మెదడు రెండు బొమ్మలను కలపలేదు. ల్యాండింగ్ చివర విమానం ముక్కు ఎత్తే క్షణంలో ఆ తేడా తెలుస్తుంది.

ఇంట్లో సొంతంగా కొలుచుకోవాలంటే 6 మీటర్లు టేపుతో కొలిచి, 13 మిల్లీమీటర్ల ఎత్తు ఇంగ్లీషు పెద్దక్షరాలు గోడకు అంటించండి. అవి చదివితే 6/9. దాదాపు 9 మిల్లీమీటర్ల అక్షరాలు చదివితే 6/6. వెలుగు సమంగా ఉండాలి, బట్టీ పడకుండా అక్షరాలు మారుస్తుండాలి.

జోడు కోసం వెళ్ళేటప్పుడు కొలతలు తీసుకెళ్ళండి. మామూలు షాపులో దగ్గర చూపు అంటే 40 సెంటీమీటర్లే చూస్తారు. మీ సీటులో కూర్చుని కంటి నుంచి ముందు ప్యానెల్‌కి, తల మీది ప్యానెల్‌కి, ట్యాబ్లెట్ కంప్యూటర్‌కి టేపు పెట్టి, మూడు అంకెలు ఆప్టోమెట్రిస్టుకి ఇవ్వాలి. మామూలు బైఫోకల్‌లో దగ్గర చూపు కింద ఉంటుంది, తల మీది స్విచ్చులు చూడాలంటే మెడ విరిచి చూడాల్సి వస్తుంది. పైన కూడా దగ్గర పవర్ ఉన్న జోడు చేయించుకోవచ్చు. ప్రోగ్రెసివ్ (పై నుంచి కిందికి పవర్ క్రమంగా మారే జోడు) అయితే మధ్య దూరపు భాగం వెడల్పుగా ఉన్నదే ఎంచుకోండి.

చలవ కళ్ళద్దాలు బూడిద రంగువి మంచివి. పోలరైజ్డ్ వద్దు, వాటితో ప్యానెల్ తెరలు నల్లబడతాయి, ఎదుటి విమానం మీద ఎండ మెరుపు మాయమవుతుంది. ఎండకు రంగు మారే అద్దాలు కాక్‌పిట్‌లో సరిగ్గా ముదరవు, మేఘంలోకి దూరగానే వెంటనే తేటపడవు.

రాత్రి చూపు పరీక్ష

మెడికల్‌కి ముందు మీ కన్ను మీకే తెలియాలి. చీకటి పడ్డాక 16వ నంబరు జాతీయ రహదారి మీద, డ్రైవరు పక్క సీటులో ప్రయాణికుడిగా కూర్చోండి. ఎదురొచ్చే లారీ దీపాల చుట్టూ వలయం ఎంతుందో, లారీ దాటాక రోడ్డు గీత కనబడటానికి ఎన్ని క్షణాలు పడుతుందో, దూరంలో రెండు దీపాలు ఒకటిగా కలిసిపోతున్నాయో చూసి వారం వారం రాసుకోండి. వలయం తగ్గుతుంటే మెదడు సర్దుకుంటోంది. తగ్గకపోతే పొడి కన్ను, మిగిలిన సిలిండర్, వెనుక పొర మసక, ఈ మూడింట్లో ఏదో వెతికించాలి.

తరువాత సిమ్యులేటర్‌లో రాత్రి అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగడం. రన్‌వే పక్కన దిగే దారి చూపే, పాపీ (PAPI) అనే నాలుగు దీపాల్లో రెండు తెల్లవి, రెండు ఎర్రవి సరైన ఏటవాలును చెబుతాయి. నాలుగూ ఎర్రబడితే మరీ కిందికి దిగిపోయినట్టు. ఈ దీపాలు విడివిడిగా, రంగు తేడాతో ఎంత దూరం నుంచి తెలుస్తున్నాయో ఆపరేషన్ కాని సహపైలట్‌తో పోల్చి చూసుకోండి.

పొడి కన్ను ఆపరేషన్ తరువాత చాలామందికి వస్తుంది, ఎక్కువగా 3 నెలల్లో సర్దుకుంటుంది. విమానంలో గాలి తేమ 20 శాతం లోపే ఉంటుంది కాబట్టి తీరప్రాంతపు ఉక్కలో లేని బాధ అక్కడ మొదలవుతుంది. రోజుకు 4 సార్లకు మించి కన్నీటి చుక్కలు అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. ముఖం మీదికి గాలి కొట్టే గొట్టం పక్కకు తిప్పుకోండి.

మెడికల్‌కి వెళ్ళేటప్పుడు

ఒకే ఫైలులో పెట్టుకోవాల్సినవి: డిశ్చార్జి కాగితం, లెన్స్ మోడల్, పవర్, క్రమసంఖ్య ఉన్న స్టిక్కర్ కార్డు, ఆపరేషన్‌కి ముందు కొలతలు, తరువాత జోడుతో, జోడు లేకుండా ఒక్కో కంటి చూపు, పవర్ చీటీ, కంటి ఒత్తిడి, రెటీనా పరీక్ష, చుక్కలు ఆపిన తేదీ, మధ్యలో వచ్చిన ఇబ్బంది ఏదైనా ఉంటే దాని వివరం. వలయాల ఇబ్బంది ఉంటే దాచొద్దు. కాగితంలో లేనంత మాత్రాన రన్‌వే మీద అది పోదు. పాప విప్పే చుక్కలు వేయొచ్చు కాబట్టి ఆ రోజు సొంతంగా బండి నడుపుకుని రాకండి, తిరుగు ప్రయాణానికి తోడు ఉండాలి.

నెలలకో, ఏళ్ళకో చూపు మళ్ళీ మంచు పట్టినట్టయితే శుక్లం తిరిగొచ్చిందని బెంగ పడనక్కరలేదు. లెన్స్ వెనుక పొర మందగిస్తుంది, యాగ్ లేజర్‌తో నిమిషాల్లో దారి తెరుస్తారు. ఆ లేజర్ తరువాత కొన్ని గంటలు కంటి ఒత్తిడి పెరగొచ్చు, కొన్నాళ్ళు తేలే చుక్కలు కనబడొచ్చు. అందుకని అది కూడా ఎగ్జామినర్‌కి చెప్పి, ఒత్తిడి కొలిపించుకుని, డ్యూటీ లేని వారంలో చేయించుకోండి.